యాభై నాలుగు అని రాసిన రోజులు

తలుపు కొట్టడం మానేసి మా అత్తగారు తలుపుతోనే మాట్లాడటం మొదలుపెట్టారు.

“చూడు చేపపిల్లా, కోపముంటే నా మీద చూపించు. పాపం, తలుపేం చేసింది? మధ్యాహ్నం నుంచి దానికి గడియ పెట్టి నిలబెట్టావు.”

“నాకు ఆకలిగా లేదు నానమ్మా.”

“ఆకలి సంగతి ఎవరడిగారే? తలుపు సంగతి అడిగాను.”

అత్తగారు నా వైపు తిరిగి పెదవి విరిచారు. చేతిలో ఉన్న పాలగ్లాసు మీద మీగడ కట్టింది. దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి మళ్ళీ పొయ్యి వెలిగించారు. అది మూడోసారి.

ముందుగదిలో ఈత కోచ్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మీద ప్లాస్టిక్ అట్ట వేసిన పుస్తకం. గడియారంలో నాలుగూ పది. ఐదింటికల్లా ఆయన ఎంపిక పోటీలు నడిపేవాళ్ళకు ఫోన్ చేసి, ఆదివారం మా అమ్మాయి నీళ్ళలో దిగడం లేదని చెప్పాలి. చెబితే ఆ లేన్ ఇంకో పిల్లకి వెళ్తుంది. ఐదు దాటితే ఇక మార్పులు ఉండవు, మా అమ్మాయి పేరు అలాగే ఉండిపోతుంది.

ఐదు దాటాలనే అది గడియ తీయడం లేదు.

“మీరు ఫోన్ చేసెయ్యండి సర్,” అన్నాను. “తలుపు సంగతి మేం చూసుకుంటాం.”

“మొహం చూసి చెప్పకుండా చెయ్యనని ఆస్పత్రిలో మాటిచ్చానమ్మా.”

“ఆ మాట పట్టుకునే అది మొహం చూపించడం లేదు.”

“తెలుసు.” ఆయన నవ్వబోయి ఆగిపోయారు. “తెలివైన పిల్ల.”

మంగళవారం పొద్దున ఆ తెలివైన పిల్లే ఆఖరి రౌండు ముగించి, గోడ పట్టుకున్న చెయ్యి వదిలేసి, చప్పుడు లేకుండా నీళ్ళ అడుగుకి జారిపోయింది. కోచ్ బట్టలతోనే దూకి పైకి తెచ్చారు. గుండెకేమీ ఫరవాలేదన్నారు డాక్టరు. రక్తం తక్కువగా ఉంది, ఒళ్ళు పూర్తిగా అలిసిపోయింది, ఆరు వారాలు పోటీల మాట ఎత్తొద్దు అన్నారు. నిన్న పొద్దున ఇంటికి తెచ్చుకున్నాం. ఈ మూడు రోజుల్లో నేను ఈయనతో ఒక్క కఠినమైన మాట అనలేదు. అనకూడదని జాగ్రత్త పడ్డాను.

ఇప్పుడు అనేశాను.

“పదిహేడేళ్ళ పిల్ల అంతలా అలిసిపోతుంటే, రోజూ పొద్దున రెండేసి గంటలు చూసే మీకు తెలియలేదా?”

“తెలియలేదు.”

అంతే అన్నారు. ఏదో ఒక సాకు చెబితే అనడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. ఆయన చెప్పలేదు.

అత్తగారు మాత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“తెలియలేదంటే సరిపోయిందా నాయనా? పిల్ల ఎముకల గూడయిపోయింది. రెండు కళ్ళలో శుక్లాలు పెట్టుకుని నాకు కనిపించింది.”

“మీరు నాతో ఒక్క మాట చెప్పాల్సిందమ్మా.”

“నన్నెవరు అడిగారు? ఈ ఇంట్లో ఎవరు ఎవర్ని అడుగుతున్నారు? ఒకరు గదిలో, ఒకరు పుస్తకాల్లో. నేను పొయ్యితో మాట్లాడుకుంటున్నాను. అదైనా నయం, తిప్పగానే వెలుగుతుంది.”

పుస్తకాల్లో ఉండే మనిషిని నేను. తల పక్కకి తిప్పుకున్నాను.

కోచ్ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, మోకాళ్ళ మీదున్న పుస్తకం తెరిచారు.

“మీకొకటి చూపించాలమ్మా. దీని గురించి కూడా వచ్చాను.”

ఆయన దగ్గర ఈత నేర్చుకునే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఇలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. పొద్దున మెలకువ వచ్చాక, మంచం దిగకముందే, ఒక నిమిషం పల్స్ లెక్కపెట్టి అందులో రాయాలి. ఎన్ని గంటలు నిద్రపోయారో రాయాలి. శనివారం ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టాలి. ఆ అంకెలు చూసి ఆయన పై వారం ఎవరు ఎన్ని రౌండ్లు కొట్టాలో నిర్ణయిస్తారు.

“ఇక్కడ చూడండి. యాభై రెండు. యాభై ఎనిమిది. యాభై ఐదు. ఈ రోజు అరవై ఏడు.”

“ఆ వారం జలుబు చేసింది,” అన్నాను.

అంకె పక్కన చిన్న అక్షరాలతో మా ఆయన రాసి ఉంది: ‘ముక్కు కారుతోంది. రాత్రి రెండుసార్లు లేచింది. తలగడ మార్చాం.’ అక్కర్లేనివి కూడా రాసేవారు. అక్షరాలు ఎప్పుడూ గీత మీద నిలబడవు, కుడివైపుకి పైకి ఎక్కుతుంటాయి. ఏడు నెలల తరవాత చూస్తున్నాను ఆ అక్షరాలని.

కోచ్ నేను తల ఎత్తేదాకా ఆగి, అప్పుడు పేజీ తిప్పారు.

“ఇక్కడి నుంచి అమ్మాయి రాసుకున్నది.”

యాభై నాలుగు. యాభై నాలుగు. యాభై నాలుగు. ఒకచోట యాభై ఐదు. మళ్ళీ యాభై నాలుగు. పేజీ నిండా అదే. తరవాతి పేజీ, దాని తరవాతి పేజీ.

“మంగళవారం పొద్దున కూడా యాభై నాలుగే,” అన్నారు. “ఎవరి గుండె కూడా ఇంత బుద్ధిగా కొట్టుకోదమ్మా.”

“అంటే?”

“చూసి రాసింది కాదు. నిన్న మధ్యాహ్నం మొదటి పేజీ నుంచి వరసగా చదివితే గానీ నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ ఏ వారానికి ఆ వారం చూశాను. అంకె బాగుంది, తండ్రి పోయినా పిల్ల తట్టుకుంటోంది అనుకున్నాను. నాలుగు రౌండ్లు పెంచాను. అయినా అంకె బాగానే ఉంది. ఇంకో నాలుగు పెంచాను.” ఆయన పుస్తకం మూశారు. “పుస్తకం చూస్తూ కూర్చున్నాను. పిల్ల మొహం చూడలేదు.”

ప్రతి పేజీ అడుగునా నా సంతకం ఉంది. బడిలో రోజుకి నలభై మంది పుస్తకాలు దిద్దుతాను. ఒక్క పేజీ కూడా చదవకుండా వదలను. మా అమ్మాయి పుస్తకం మీద ముప్పై శనివారాలు కళ్ళు మూసుకుని సంతకం పెట్టాను. తెరిస్తే మొదటి పేజీల్లో ఆ చేతిరాత కనిపిస్తుందని.

“సర్‌ని ఎందుకంటారు?”

తలుపు వెనక నుంచి మా అమ్మాయి గొంతు. తలుపుకి ఆనుకుని కింద కూర్చున్నట్టుంది, మాట కింది నుంచి వచ్చింది.

“రాసింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి.”

“తిడదామంటే మనిషి కనబడాలి కదే,” అన్నారు అత్తగారు.

కోచ్ లేచి, నడవలోకి వెళ్ళి, ఆ తలుపు పక్కన గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. యాభై దాటిన మనిషి. మోకాలు మడవడానికి ఒకసారి ఆగాల్సి వచ్చింది.

“మీరు లోపలికి రావద్దు సర్. నేను మొహం చూపించను.”

“రాను. కళ్ళు కూడా మూసుకున్నాను కావాలంటే.”

“అబద్ధం.”

“మీ నానమ్మని అడుగు.”

“మూసుకున్నాడే,” అన్నారు అత్తగారు. నిజంగానే మూసుకున్నారు ఆయన.

బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

“ఎందుకలా రాశావని అడగరా?” అంది మా అమ్మాయి చివరికి.

“చెప్పాలనిపిస్తే చెప్పు. అడగాల్సిన రోజుల్లో నేను అడగలేదు. ఇప్పుడు గట్టిగా అడిగే హక్కు నాకు లేదు.”

అది పాఠం అప్పజెప్పినట్టు, ఒకే స్వరంలో చెప్పుకుంటూ పోయింది.

“పల్స్ నాన్నే చూసేవాడు సర్. నేను పడుకునుండగానే వచ్చి చెయ్యి పట్టుకునేవాడు. దాంతోనే మెలకువ వచ్చేది. కదలకు, లెక్క తప్పుతుంది అనేవాడు. నేను కావాలని వేళ్ళు కదిపేదాన్ని. నాన్న పోయాక మొదటిసారి మళ్ళీ పూల్‌కి వచ్చే రోజు నేనే చూసుకుందామని వేళ్ళు పెట్టాను. వెంటనే దొరికింది. ఇరవైదాకా లెక్కపెట్టాను. ఏడుపొచ్చేసింది. ఏడుస్తుంటే ఎక్కువ కొట్టుకుంటుంది కదా. ఎక్కువ రాస్తే మీరు దిగొద్దంటారు. పూల్ కూడా లేకపోతే పొద్దున్నే లేచి ఏం చెయ్యను?”

“ఊఁ.”

“అందుకని నాన్న రాసిన ఆఖరిది ఎంతో చూశాను. యాభై నాలుగు. అదే రాశాను. మర్నాడూ అదే రాశాను. అది రాస్తే...”

ఆపేసింది. ఏం చెప్పబోయిందో నాకు తెలుసు. మా ఆయన చెప్పులు నేను ఇప్పటికీ గుమ్మం పక్కన రోజూ సర్ది పెడుతున్నాను.

అత్తగారు పాలగ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయన ఆవిడ కొడుకన్న సంగతి ఈ ఏడు నెలల్లో నాకెన్నిసార్లు గుర్తుందో చెప్పలేను.

కోచ్ కళ్ళు తెరవలేదు. తుడుచుకోలేదు కూడా.

నాలుగూ ముప్పై ఐదు.

“ఆదివారం నేను దిగాలి సర్,” అంది మా అమ్మాయి. ఇప్పుడు గొంతు మారింది. “వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది. ఈ విభాగంలో ఇదే ఆఖరు. నాన్న ఒక్క పోటీ కూడా వదల్లేదు. ప్రతిసారీ మొదటి వరసలో కూర్చుని చూశాడు. ఇప్పుడు ఇది వదిలేస్తే ఆయన చూసినవన్నీ ఎందుకు? అమ్మా, నువ్వైనా చెప్పు. నాన్న ఎలా చూసేవాడో చెప్పు.”

ఏడు నెలలుగా ఈ ఇంట్లో నేను ఆయన మాట ఎత్తలేదు. ఎత్తితే ఎక్కడ ఆపాలో తెలియదని. కానీ అది అడిగింది.

“చూడలేదే,” అన్నాను.

“ఏంటి?”

“మీ నాన్న నీ పోటీ ఒక్కటి కూడా చూడలేదు. వచ్చేవారు. మొదటి వరసలోనే కూర్చునేవారు. విజిల్ వెయ్యగానే గట్టిగా కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకునేవారు. ఇంటికొచ్చి చూస్తే నా మణికట్టు ఎర్రగా కందిపోయి ఉండేది.”

“అమ్మా, ఊరికే చెప్పకు.”

“వాడికి నీళ్ళంటే చచ్చేంత భయమే,” అన్నారు అత్తగారు. “చిన్నప్పుడు నెత్తిన చెంబుడు నీళ్ళు పోస్తే వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేవాడు. కూతురేమో చేపపిల్ల అయి కూర్చుంది. వాడి ఖర్మ.”

“మరి గోడ దగ్గర నా టర్న్ బాగుందనేవాడు! మూడో రౌండులో వెనకబడ్డావు, చూసుకో అనేవాడు!”

“ఆ ముక్కలు నేను దారిలో చెప్పేదాన్ని. అవి మీ నాన్న ఇంటికొచ్చి నీకు చెప్పేవారు. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు.”

తలుపు వెనక ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో పోల్చుకోలేకపోయాను. అయినా మొదలుపెట్టినది పూర్తి చెయ్యాలి.

“కళ్ళు మూసుకునే అడిగేవారు. గెలిచిందా అని కాదు. పైకొచ్చిందా అని. వచ్చిందంటే అప్పుడు తెరిచేవారు. మంగళవారం నువ్వు పైకి రాలేదు. అది ఆయన వినలేదు కాబట్టి సరిపోయింది. నేను విన్నాను.”

నాలుగూ నలభై ఐదుకి గడియ తీసిన చప్పుడైంది.

కళ్ళు ఉబ్బి, జుట్టు రేగి, పాత చొక్కాలో నిలబడింది మా అమ్మాయి. అత్తగారు చెప్పినట్టే, మెడ దగ్గర ఎముకలు పైకి తేలి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఏం చూస్తున్నాను నేను?

కోచ్ నేల మీద నుంచి తలెత్తి చూశారు. లేవబోయి, మోకాలు సహకరించక, అలాగే ఉండిపోయారు. మా అమ్మాయే ఎదురుగా కూర్చుంది.

“ఆదివారం నిన్ను దింపడం లేదు,” అన్నారు ఆయన. “ఇది నేను తీసుకున్న నిర్ణయం. డాక్టరు గారి పేరు చెప్పి తప్పించుకోను. కోపం వస్తే నా మీద పెట్టుకో. మీ అమ్మ మీద వద్దు.”

“వచ్చింది.”

“రావాలి.”

“చాలా రోజులు ఉంటుంది సర్.”

“ఉండనీ. నేనెక్కడికీ పోను.”

ఆయన దాని ముందే ఫోన్ చేశారు. పేరు చెప్పి, ఆదివారం దిగడం లేదన్నారు. అవతల వాళ్ళేదో అడిగారు. “కారణమా? శిక్షణ ఎక్కువైంది,” అన్నారు. మళ్ళీ ఏదో అడిగారు. “అవునండీ, శిక్షణ ఇచ్చింది నేనే. అలాగే రాసుకోండి.”

అది వింటూ మా అమ్మాయి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఈసారి ఏడుపు దాచుకోలేదు. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. ముందు బిగుసుకుంది. తరవాత నెమ్మదిగా నా వైపు వాలింది. ఎంత తేలికగా ఉందో.

“పాలు తాగు,” అన్నారు అత్తగారు. “ఇంకోసారి పొయ్యి ఎక్కిస్తే గ్లాసులో ఏమీ మిగలదు.”

ఐదు దాటాక కోచ్ బయలుదేరారు. గుమ్మం దాటి మెట్టు మీద చెప్పులు వేసుకుంటుంటే, మా అమ్మాయి మొహం కడుక్కుని వచ్చి నా వెనక నిలబడింది.

“రేపు పొద్దున రావాలా సర్?”

“నీ ఇష్టం. వస్తే ఒడ్డున కూర్చో. విసుగొస్తే వెళ్ళిపో. ఎవరూ ఏమీ అనరు.”

“పుస్తకం?”

“నీ దగ్గర ఉంచుకో. అంకెలు అక్కర్లేదు. మాట రాయాలనిపిస్తే రాయి. లేకపోతే వచ్చి చెప్పు. ఏదీ వద్దనిపిస్తే ఊరుకో.”

అది తల ఊపింది. ఆయన ఒక చెప్పు వేసుకుని రెండోది కాలితో వెతుక్కుంటున్నారు.

“సర్, ఒకటి చెప్పనా?”

“చెప్పు.”

“ఊరికే రాసేది నేనొక్కదాన్నే కాదు.”

ఆయన కాలు ఆగిపోయింది.

“సగం మంది అంతే. పూల్‌కి వస్తూ దారిలో నింపేస్తారు. ఒకళ్ళది చూసి ఇంకొకళ్ళు రాస్తారు. ఎక్కువ అందంగా ఉండకూడదని మధ్యమధ్యలో ఒక అంకె మారుస్తారు. నాకది కూడా చేతకాలేదు.”

“ఎందుకమ్మా?” అన్నారు ఆయన. గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగారు.

“నిజం రాస్తే పక్కన కూర్చోబెడతారని. ఇవాళ నన్ను కూర్చోబెట్టారు కదా. రేపు పొద్దున అందరికీ తెలుస్తుంది. ఇక ఎవరూ నిజం రాయరు సర్.”

నిష్ఠూరం లేకుండా అంది. అందుకే ఆయనకు ఎక్కువ తగిలినట్టుంది. మెట్టు మీద అలాగే కూర్చుండిపోయారు. ఇరవై ఏళ్ళుగా ఆ పుస్తకాలు నడుపుతున్న మనిషి. ఆదివారం ఆయన పిల్లలు ఇంకా ఆరుగురు దిగుతున్నారు.

“నిజమే,” అన్నారు. “రేపు వాళ్ళతో ఏం మాట్లాడాలో నాకు తోచడం లేదు. నువ్వు వస్తే బాగుండును.”

“వస్తాను.” మా అమ్మాయి నా కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. చిన్నప్పుడు అబద్ధం చెప్పాక నిజం చెప్పే ముందు అలా చేసేది. “కానీ అందరి సంగతీ రేపు మాట్లాడొచ్చు. ఒకమ్మాయిది మాత్రం రేపటిదాకా ఆగేది కాదు. ఎవరికీ చెప్పనని తనకి మాటిచ్చాను.”

కోచ్ తలెత్తి దాని మొహంలోకి చూశారు. తరవాత నా వైపు చూశారు, లోపలికి రావచ్చా అన్నట్టు.

నేను గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాను.